కేబుల్‌కు వేసిన పోగు ముడి

మా ఇంట్లో టీవీ చూడాలంటే ఇద్దరు మనుషులు కావాలి. మా మామకు చెవులు వినపడవు. నలభై ఏళ్లు సాంచాల మధ్య నిలబడ్డవాళ్లెవరికైనా అంతే. మరమగ్గాలను మేం సాంచాలంటాం. ఒక్కటి నడుస్తుంటేనే పక్క మనిషి మాట అందదు, ఒక కప్పు కింద ఇరవై నడుస్తుంటే చెవులు ఎన్నాళ్లని ఓర్చుకుంటాయి? మా అత్తవి పాము చెవులు. కానీ ఆమె కళ్లకు తీరిక లేదు. పొద్దున ఇంత తిని చాట ఒళ్లో పెట్టుకుందంటే దీపాలు పెట్టేదాకా తునికాకు, తంబాకు, దారం, అంతే లోకం. బీడీ చుట్టేటప్పుడు చూపు పక్కకు పోతే ఆ బీడీ కార్ఖానాలో వెనక్కి వస్తుంది. అందుకని సాయంత్రం సీరియల్ మొదలవగానే మామ చూసి చెబుతాడు, అత్త విని చెబుతుంది.

"ఎర్రచీరామె ఒచ్చిందే! మొకం మాడ్చుకోని ఒచ్చింది!" అని మామ గల్లీ మొత్తానికి వినపడేలా అరుస్తాడు. తన మాట తనకు వినపడని మనిషి కదా, గొంతు ఎప్పుడూ పైస్థాయిలోనే ఉంటుంది. అత్త చేతిలోని బీడీ మడిచి కింద పెట్టి, ఒక్క క్షణం తల ఎత్తి, పెదవులు ఆడిస్తూ చేతులతో చెబుతుంది: అత్తగారిని ఇంట్లోంచి వెళ్లిపొమ్మంటోందని. ఈ చేతుల మాట సాంచాల దగ్గరిది. ఆ మోతలో నోటికి పని లేదు కాబట్టి కార్మికులు చేతులతోనే మాట్లాడుకుంటారు. రెండు చూపుడు వేళ్లు కలిపి విడదీస్తే పోగు తెగిందని. పిడికిలి చూపిస్తే ఆపమని. అరచేయి గుండ్రంగా తిప్పితే బాగుంది, నడవనీ అని. బొటనవేలు పెదవికి ఆనిస్తే చాయ్. మీసం మెలేస్తే సేటు వస్తున్నాడని. అత్త చిన్నప్పుడు అదే కార్ఖానాలో కండెలు చుట్టింది, ఆ భాష ఆమెకు అక్కడే వచ్చింది. పెళ్లయింది కూడా అక్కడి పరిచయంతోనే అంటారు గానీ ఆమె ఒప్పుకోదు.

నాకు ఆ చేతుల భాష చూసి చూసి కొంచెం వచ్చింది. కానీ మామతో నేను మాట్లాడింది తక్కువ. కోడలు మామ ముందు నెత్తిన పదరు, అంటే చీర కొంగు, కప్పుకోవాలి, గొంతు లేపకూడదు. మా పుట్టింటివాళ్లు నాకు ఇదే నేర్పి పంపారు. గొంతు లేపకపోతే ఆయనకు వినపడదు. లేపితే నాకు మర్యాద లేదంటారు. ఇక ఏం మాట్లాడతాం? పద్నాలుగేళ్లు అన్నీ అత్త ద్వారానే నడిచాయి. "మామను అన్నానికి రమ్మను అత్తా" అని నేను ఆయన ఎదుటే నిలబడి అనేదాన్ని. ఇప్పుడు తలచుకుంటే నాకే నవ్వొస్తుంది.

మేముండేది షోలాపూర్ జోడ్‌భావి పేట్‌లో. ముందు వైపు మా ఆయన నాలుగు సాంచాల షెడ్డు, వెనక రెండు గదులు, మధ్య చిన్న వాకిలి. కేబుల్ వాడి దగ్గర తెలుగు చానళ్లు ఒకటి వస్తే ఒకటి పోయేవని ఛత్రి పెట్టించుకున్నాం. డిష్‌ను ఇక్కడ అందరూ ఛత్రి అనే అంటారు. అది షెడ్డు డాబా మీద, పిట్టగోడకు బిగించి ఉంటుంది. దాని తీగ పిట్టగోడ వెంబడి వచ్చి, వాకిలి దాటి, గదిలోకి దిగుతుంది. మూడేళ్లు బొమ్మ అద్దంలా వచ్చింది.

దసరా దాటాక గొడవ మొదలైంది. సీరియల్ మంచి పట్టులో ఉండగా బొమ్మ గళ్లు గళ్లుగా చీలిపోయేది, గళ్ల లుంగీ ఎవరో తెర మీద ఆరేసినట్టు. తర్వాత ఎక్కడిదక్కడే ఆగిపోయేది. మాట ముక్కలు ముక్కలుగా వచ్చేది, ఒక్కోసారి అదీ పోయేది. అత్తకు పెద్ద నష్టం లేదనుకున్నాను, విన్న ముక్కలు అతుక్కుంటుందిలే అని. మామ సంగతి వేరు. ఆయన మగవాళ్లు కూర్చునే కట్ట మీదికి పోడు. అక్కడ ఒకరు మాట్లాడితే ఇంకొకరు నవ్వుతారు, ఎందుకు నవ్వారో ఈయనకు తెలియదు. రెండుసార్లు అడిగితే చెబుతారు, మూడోసారి "కాహీ నాహీ", ఏమీ లేదులే అని చెయ్యి ఊపేస్తారు. సాంచాలు మానేశాక రోజు మొత్తంలో ఆయన నోరు విప్పి నాలుగు మాటలు మాట్లాడేది, ఇంకొకరి నాలుగు మాటలు అందుకునేది టీవీ ముందు ఆ గంటన్నరే. బొమ్మ ఆగితే ఆయన ఆగిపోయిన బొమ్మ వంకే చూస్తూ కూర్చునేవాడు.

నాకు ఓపిక తక్కువ. మొదట టీవీని ఒక్కటి చరిచాను. సెట్‌టాప్ డబ్బా ఆపి మళ్లీ పెట్టాను. తర్వాత డాబా ఎక్కి చూస్తే దసరాకు అత్త ఛత్రికి వేయించిన బంతిపూల దండ ఎండిపోయి అలాగే వేలాడుతోంది. దసరాకు మా ఇంట్లో సాంచాలకు, కత్తెరకు, పానాలకు, మా ఆయన బండికి అన్నిటికీ పసుపు కుంకుమ పడుతుంది. ఛత్రి ఏం పాపం చేసిందని దానికీ పడింది. దొరికిందిరా దొంగ అని దండ పీకేసి, ఛత్రిని సబ్బునీళ్లతో కడిగి, పొడిగుడ్డతో తుడిచి, ఏదో ఘనకార్యం చేసినదానిలా కిందికి దిగాను. ఆ సాయంత్రం బొమ్మ ఇంకా ఎక్కువసార్లు ఆగింది.

మా ఆయన "ఫోన్ల చూడుండ్రి" అన్నాడు. మామ ఫోన్‌ను చెయ్యి చాచినంత దూరం పెట్టి, దగ్గర పెట్టి, కళ్లు చిట్లించి, తిరిగి ఇచ్చేశాడు.

ఛత్రి మనిషిని పిలిపించాను. అతను మధ్యాహ్నం భోజనాల వేళకు వచ్చాడు. బొమ్మ చక్కగా నిలబడింది. "వహినీ, సిగ్నల్ ఫుల్ ఆహే", సిగ్నల్ నిండుగా ఉంది వదినా అని చేతులు దులుపుకొని వెళ్లిపోయాడు. ఆ సాయంత్రం మళ్లీ గళ్లు. రెండోసారి పిలిచాను, రెండోసారీ అదే వేళకు వచ్చాడు, అదే మాట అన్నాడు. నా వంక మాత్రం ఈమెకేదో అయిందన్నట్టు చూశాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

ఆ మంటలోనే బుద్ధి పనిచేసింది. మధ్యాహ్నం బాగుండి సాయంత్రం బాగుండనిది ఏమిటి? మధ్యాహ్నం భోజనాలకు సాంచాలు ఆగుతాయి. సాయంత్రం నాలుగూ నడుస్తుంటాయి. ఛత్రి వాటి నెత్తి మీదే ఉంది. సీరియల్ వేళకు షెడ్డులోకి పోయి మా ఆయనతో, "జర ఒక్క నిమిషం అన్ని బందు వెట్టు" అన్నాను.

"సాంచాలు బందు వెడ్తే తినేదేంది, నీ సీరియలా?"

"ఒక్క నిమిషమే అన్నగదా! నిమిషంల నీ టవల్లు ఏం ఉరికిపోవులే."

ఆయన గొణుక్కుంటూనే ఆపాడు. నేను గదిలోకి పరుగెత్తాను. బొమ్మ కదలకుండా, చీలకుండా నిలబడింది. సాంచాలు మళ్లీ నడిచాయి. బొమ్మ మళ్లీ చీలింది. ఇంకేం, అదురుకు ఛత్రి కదులుతోందని తేల్చేశాను. మర్నాడు నేనే ఎక్కి బిగిస్తానని చెబితే అత్త చాటలోంచి తల ఎత్తింది. ఆమె తల ఎత్తడమే అరుదు.

"ఛత్రి బిగియ్యి, గంతే. తీగ జోలికి మాత్రం పోకు" అంది.

"ఎందుకత్తా?"

"పోకంటే పోకు. ఎందుకు, ఏమిటికి అని అడుగుతదేంది గీ పిల్ల" అని మళ్లీ తల వంచుకుంది. కరెంటు భయమేమో అనుకున్నాను.

మర్నాడు సాయంత్రం షెడ్డులోంచి పానా తీసుకుని, పదరు నడుముకు దోపుకుని, ఇనుప నిచ్చెన ఎక్కాను. కాళ్ల కింద డాబా గడగడలాడుతోంది. ఇలాంటి పనికి కింద ఒక మనిషి ఉండి బొమ్మ వచ్చిందో లేదో అరిచి చెప్పాలి. మా ఆయన షెడ్డులో ఉన్నాడు, అత్త చాట వదలదు. అరిచినా ఆ మోతలో నాకేం వినపడుతుంది? అప్పుడు మామ గడప మీదికి వచ్చి నిలబడ్డాడు. తెర వంక ఒకసారి చూశాడు, పైకి నా వంక చూశాడు, రెండు చూపుడు వేళ్లు కలిపి విడదీశాడు. తెగిందని. నాకు ఎంత సంతోషమైందంటే, అరే దేవా, ఇంత సులువైన పని ఇన్నాళ్లూ ఎవరికీ తోచలేదేమని.

నేను ఛత్రిని కొంచెం కుడికి తిప్పాను. వేళ్లు విడిపోయాయి. ఎడమకు తిప్పాను. అరచేయి గుండ్రంగా తిరిగింది. పిడికిలి పడింది: ఆపు. నేను ఆపి బోల్టు బిగించాను. ఇద్దరం ఒక్క మాట లేకుండా, ఒక్క తప్పు లేకుండా పని చేసుకుపోయాం. ఆయన ముఖంలో వెలుగు చూశాను. షెడ్డులో ఆయన ఇలాగే ఉండేవాడేమో. పద్నాలుగేళ్లలో మా ఇద్దరి మధ్య ఇంత మాట ఎప్పుడూ నడవలేదు.

బోల్టులన్నీ బిగించాక కూడా అప్పుడప్పుడు వేళ్లు విడిపోతూనే ఉన్నాయి. ఛత్రి ఇక ఇసుమంత కూడా కదలడం లేదు, మరి కదిలేదేమిటని చూస్తే పిట్టగోడ మీద తీగ కనపడింది. అది అదురుతోంది. ఒకచోట ఉబ్బెత్తుగా, తెల్లటి నూలు చుట్టి ఉంది. అత్త మాట గుర్తుకు వచ్చింది. గుర్తుకు వచ్చినా ఆగితే నేను నేనెందుకవుతాను? దాని మీద వేలు పెట్టి నొక్కాను. కింద వేళ్లు విడిపోయాయి. వదిలాను. అరచేయి తిరిగింది. నొక్కాను, విడిపోయాయి. వదిలాను, తిరిగింది. దొరికింది! ఈసారి నిజంగానే దొరికింది! పట్టలేని సంబరంతో మూడోసారి కూడా నొక్కి కిందికి చూశాను.

మామ తెర వంక చూడటం లేదు. నా వేలి వంక చూస్తున్నాడు. ఆయన రెండు చూపుడు వేళ్లు గాలిలో విడివిడిగా అలాగే ఉండిపోయాయి.

నేను తీగ వంక వంగి చూశాను. నూలు కండె మీద చుట్టినంత నేర్పుగా, పోగు మీద పోగు ఎక్కకుండా చుట్టి ఉంది. పైన కొవ్వొత్తి మైనం కూడా రుద్ది ఉంది. ఇంత శ్రద్ధ మా ఇంట్లో ఒక్కరిదే. అప్పుడు అంతా జ్ఞాపకం వచ్చింది. దసరాకు ముందు నేను కుంభారి కాలనీలో మా అక్క కొత్తింటికి పోయి వారం ఉన్నాను. ఆ వారంలో మా ఆయన టవళ్లు ఆరేయడానికి డాబా మీద ఇనుప తీగ కడుతూ, కోయాల్సిన తీగ వదిలేసి టీవీ తీగ కోసేశాడు. సీరియల్ వేళకు కొసలు వాకిట్లోకి వదిలితే మామే కూర్చుని అతికాడని, బొమ్మ వచ్చేసిందని మా ఆయన ఫోన్లో చెబితే విని మరిచిపోయాను. ఎలా అతికాడని అడగలేదు. మగ్గం మీద పోగు తెగితే ఏం చేస్తారో అదే చేశాడు. లోపలి రాగి తీగకు పోగు ముడి వేశాడు, పైనున్న సన్న తీగల జాలిని పాయలు తీసి దానికీ ముడులు వేశాడు, నూలు చుట్టాడు. ఆయన వేసిన ముడి గుడ్డ మీద వేలు పెట్టి వెతికినా దొరకదని పేరు. సాంచాలు ఆగి ఉంటే ఆ ముడి బాగానే ఉండేది. రోజూ అదిరి అదిరి ముడి కాస్త సడలినట్టుంది, ఇప్పుడు అదురు తగిలితే చాలు, లోపల ఎక్కడో వెంట్రుకంత జాలి రాగికి తగిలేది.

నేను దిగేసరికి ఆయన గదిలో గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. సీరియల్ నడుస్తోంది. ఆయన చూడలేదు. "ఎవరొచ్చిండ్రు?" అని అత్త చెయ్యి కదిపితే కూడా తిరగలేదు. ఆ రాత్రి అన్నం సగమే తిన్నాడు.

అత్త నన్ను వాకిట్లోకి లాగి దులిపేసింది. "తీగ జోలికి పోవద్దని జెప్పినా లేదా? నీకు చెవులున్నయా లేవా?"

"ఎందుకో జెప్పొచ్చు గదా అత్తా! నాకేం కలొచ్చిందా?" నాకూ కోపం వచ్చింది.

"ఏం జెప్పాలె? ఆయన చేతులకు ఇప్పుడు ఏం పనున్నది? గా ముడి ఏసిన నాడు బీడీలు చుట్టే ఆడోళ్లందరు నిచ్చెనెక్కి చూసొచ్చిండ్రు. రొండు దినాలు గదే ముచ్చట. ఆయన ఎంత ఖుషయిండో నీకు తెల్వదు, నువ్వు లేవు. ఇప్పుడు గదే ముడి ఖరాబన్నట్టు ఏలు వెట్టి సూపిస్తివి. అదీ మూడుసార్లు!"

ఆ మూడుసార్లు అన్న మాట నాకు గట్టిగా తగిలింది. నిజమే మరి. ఒకసారితో సరిపోయేది. నా సంబరానికి మూడుసార్లు నొక్కాను. రాత్రంతా నన్ను నేను తిట్టుకున్నాను. ఆ పెద్దమనిషి ఇక టీవీ వైపు తిరగకపోతే, ఆ గంటన్నర మాట కూడా నేనే పోగొట్టినదాన్నవుతాను.

మర్నాడు పేటలో కరెంటు సామాన్ల కొట్టుకు పోయాను. కొట్టాయన ఒక తీగ ముక్క చూపించి చెప్పాడు: లోపలి రాగి, పైన జాలి, రెండూ ఒకదానికొకటి అస్సలు తగలకూడదు, ఈ తీగకు ముడి వేస్తే పనికిరాదు, రెండు కొసలకూ పిన్నులు బిగించి మధ్యలో ఈ జాయింటు తిప్పాలి. మనిషిని పంపుతానన్నాడు. వద్దన్నాను. పిన్నులు రెండు, జాయింటు ఒకటి, ఆ తీగ ముక్క కూడా అడిగి తీసుకుని ఇంటికి వచ్చాను.

అత్త చుట్టిన బీడీలు అప్పగించడానికి కార్ఖానాకు పోయి ఉంది. అదీ మంచిదే అనుకున్నాను. మామ వాకిట్లో మంచం మీద గోడ వైపు తిరిగి పడుకున్నాడు. నేను ఎదురుగా పోయి కింద కూర్చుని, ఆయన చెవి దగ్గర, నా పుట్టింటివాళ్లు వింటే తల దించుకునేంత గట్టిగా అరిచాను.

"మామా! ఈ పిన్ను నాకు బిగియ్యరాదు! మీరే బిగియ్యాలె!"

ఆయన ఉలిక్కిపడి లేచాడు. నా గొంతు ఆయన వినడం అదే మొదటిసారేమో. పక్కింటామె గోడ మీంచి తొంగి చూసింది. చూస్తే చూసింది.

"నా ముడి ఖరాబయింది గదా. మళ్ల నాతోని ఎందుకు?" అన్నాడు. ఆయన మామూలు అరుపు కాదది. మెల్లగా వచ్చింది మాట.

"ముడి ఖరాబ్ గాలే మామా! తీగనే ఏరే తీరుది! లోపటిది, పైది ఒకదాన్నొకటి తాకొద్దట!"

తీగ ముక్క చేతిలో పెట్టాను. ఆయన దాన్ని కంటి దగ్గరకు తీసుకుని తిప్పాడు. గోటితో జాలి ఎత్తి చూశాడు. చాలాసేపు చూశాడు.

"తాకొద్దా? పడుగు, పేక తాకకుంటే గుడ్డెట్ల అయితది?"

"గుడ్డ గాదు మామా! బొమ్మ!"

ఆయన పెదవి కొంచెం కదిలింది. నవ్వు అనుకోవచ్చు. తర్వాత మంచం దిగి, "కత్తెర తే" అన్నాడు.

ఆయనకు మోకాళ్ల నొప్పులు, నిచ్చెన ఎక్కలేడు. అందుకని నేనే పైకి పోయి ముడిని కోసి తీసేసి, ఛత్రి పైపుకు చుట్టి ఉంచిన మిగులు తీగ విప్పి, రెండు కొసలూ వాకిట్లోకి వదిలాను. ఆయన పీట వేసుకుని కూర్చున్నాడు. పై తోలు గుండ్రంగా కోశాడు, లోపలి జాలికి గీటు కూడా పడలేదు. జాలిని ఒక్కో పోగూ వెనక్కి మడిచాడు. రాగి తీగ చుట్టూ ఉన్న తెల్లటి పొరను అవసరమైనంతే తీశాడు. ఒక్క వెంట్రుక రాగి వైపు రాకుండా వేలి కొసతో తడిమి, తడిమి, మళ్లీ తడిమి, పిన్ను తిప్పాడు. కొట్టాయన పని నాకు చూపించినప్పుడు ఇంత శుభ్రంగా లేదు, ఒట్టు. రెండో కొస కూడా అయ్యాక, కోసిన ముడిని ఇమ్మని చెయ్యి చాపాడు. ఇచ్చాను. ఏమంటాడోనని భయపడ్డాను. ఆయన నూలు విప్పి, లోపల చూసి, "ఇగో, గీడ తాకింది" అని నాకు ఆ వెంట్రుకంత తీగను చూపించి, ముడిని చెత్తబుట్టలో వేశాడు. అంతే.

అత్త కార్ఖానా నుంచి వచ్చేసరికి తీగ మళ్లీ పిట్టగోడ ఎక్కింది. ఆమె గడపలో కాలు పెట్టకముందే మామ గల్లీ అంతా వినపడేలా చెప్పేశాడు. "నా ముడిదే తప్పున్నదే! తీసేసిన! పిన్ను గొట్టిన, పక్కా!"

అత్త నా వంక చూసింది. తిట్టలేదు.

ఆ సాయంత్రం నాలుగు సాంచాలూ నడుస్తున్నాయి. డాబా అదురుతోంది. బొమ్మ కదల్లేదు. మామ టీవీకి దగ్గరగా చాప లాక్కుని కూర్చున్నాడు. నేను వంటింటి గడప మీద పిండి కలుపుకుంటూ కూర్చున్నాను, పనితనం చూసుకోవద్దా మరి.

"పెద్ద తలుపు తీసిండ్రే! లోపటికెంచి ఎవరో ఒస్తున్నరు. పట్టుచీర కట్టింది, చేతుల పళ్లెమున్నది, పళ్లెంల..." అని మామ ఆగిపోయాడు.

మళ్లీ తెగిందా అని పిండి వదిలి ముందుకు వంగాను. చూస్తే బొమ్మ నిక్షేపంగా నడుస్తోంది. మామే ఆగిపోయాడు. తెర వంకా అత్త వంకా మార్చి మార్చి చూశాడు.

"ఏమే, గీమె పెద్దకోడలు గాదా? గీమె సచ్చె గదనే! దవాఖానల సచ్చిందని నువ్వే జెప్తివి! నేను రొండు దినాలు బువ్వ సక్కగ తినకపోతి!"

అత్త చేతిలో బీడీ సగం చుట్టి ఉండిపోయింది. నేను వంటింట్లోంచి ఆ సీరియల్ మాటలు, ముక్కలుగానైనా, రోజూ వింటూనే ఉన్నాను. ఆ పెద్దకోడలికి అందులో ఒకనాడు జలుబు కూడా చేయలేదు.

"మరి ఆమె మామ ఇల్లమ్ముకోని ఊరిడిసి పోయిండంటివి? అగో, గా ఇంట్లనే కూసోని చాయ్ తాగుతున్నడు!"

అత్త నా వైపు తిరిగి, ఆయనకు ఎటూ వినపడదు కదా, అయినా గొంతు తగ్గించే చెప్పింది. "బొమ్మ ఆగినప్పుడల్ల నా మొకం దిక్కే చూసెటోడు బిడ్డా, ఏమైందే, ఏమైందే అని. నాకు గూడ ఏం ఇనవడకపోయేది. తెల్వదంటే ఆయన మొకం ఇంత చిన్నగయ్యేది. ముడి సంగతి జెప్పబుద్ధి గాలే. ఇగ ఏదో ఒకటి అల్లి జెప్పుకుంట ఒచ్చిన. అల్లంగ అల్లంగ, నాలుగు దినాలు తెర మీదికి రాని ఒకామెను సంపాల్సొచ్చింది."

దసరా నుంచి ఇప్పటిదాకా. పొద్దంతా బీడీలు చుట్టి, సాయంత్రం ఒక మనిషి కోసం సీరియల్ అల్లింది. ఒక్క మాట ముందే చెప్పి ఉంటే ఇంత ఉండేదా అని అత్త మీద కోప్పడదామనుకున్నాను. కోపం రాలేదు. ఏడుపొచ్చింది, దాని వెనకే నవ్వు కూడా వచ్చింది, పిండి చేతులతో పదరు నోటికి అడ్డం పెట్టుకున్నాను.

అత్త తలవంచుకుని ఆయనకు చేతులతో అంతా చెప్పింది. ఆయన ఆమె చేతుల వంక చివరిదాకా చూశాడు. తర్వాత టీవీ వంక తిరిగాడు. తెర మీద పెద్దకోడలు ఒక్కొక్కరి దగ్గరకూ వెళ్లి పళ్లెంలోంచి చాయ్ అందిస్తోంది, అందరూ తాగుతున్నారు. గళ్లు లేవు, గీతలు లేవు, పట్టుచీర అంచు పోగులు కూడా లెక్కపెట్టొచ్చు. కాసేపు చూసి, మామ చాప మీద వెనక్కి తిరిగి, టీవీకి వీపు పెట్టి, అత్త ఎదురుగా సర్దుకు కూర్చున్నాడు.

"గిదేం కతనే, చాయ్ తాగుడు, కూసునుడు. నీ కతల ఆమె సచ్చినంక ఆమె పిల్లల్ని ఎవరు సాదిండ్రు? నువ్వు గది జెప్పు."